పన్నెండు గళ్ళ అక్షరాలు

ముందే చెప్పేస్తున్నాను, తెలుగులో నేను రాసిన మొదటి కథ ఇది. మా అత్త మూడుసార్లు దిద్దింది. నేను వేసిన హిందీ ముక్కలన్నీ ఎర్ర పెన్సిల్‌తో కొట్టేసింది. మనుషులు మాట్లాడిన చోట మాత్రం వాళ్ళ మాటలు వాళ్ళవిలాగే ఉండాలని పోట్లాడి గెలిచాను. మిగతా అన్నిచోట్లా గెలుపు ఆవిడదే.

నా పేరు నాన్సీ. పోర్ట్ బ్లెయిర్‌లో, షాదీపూర్‌లో ఉంటాం. నాన్న యిర్మియా దీవుల మధ్య తిరిగే బోట్లలో ఎలక్ట్రీషియన్. నెలలో సగం రోజులు నీళ్ళ మీదే. అమ్మ పుష్పవతి ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. నేను జిరాక్స్ షాపులో కంప్యూటర్ పని చూస్తాను. మాతో పాటు నాన్నకి అక్క, చిన్నమ్మి అత్త. యాభై నాలుగేళ్ళ మనిషి. ఏడో ఏట జ్వరం వచ్చి చెవులు పోయాయి. మాట కూడా నాలుగైదు ముక్కలకి మించి నిలవలేదు. తెలుగు మాత్రం గడగడా చదువుతుంది. మా నానమ్మ పలక మీద రాసి రాసి నేర్పింది. వాళ్ళిద్దరూ పలక మీదే పోట్లాడుకునేవారట, పలక మీదే నవ్వుకునేవారట.

సునామీ వచ్చినప్పుడు మేం లిటిల్ అండమాన్‌లో, హట్ బేలో ఉండేవాళ్ళం. నాకు ఆరేళ్ళు. నానమ్మ పోయింది, ఇల్లు పోయింది. ఆ తర్వాత రేకుల షెడ్లలో నాలుగేళ్ళు. ఎవరెవరో ఫారాలు పట్టుకొచ్చి అత్త ముందు నిలబడి ఏదో అడిగేవారు. తల ఊపితే దుప్పటి, తల ఊపితే బియ్యం. ఊపకపోతే మళ్ళీ మొదటి నుంచీ చేతులు తిప్పుకుంటూ అడిగేవారు, వెనక లైన్లో జనం విసుక్కునేవారు. దాంతో అత్త ఒకటే నేర్చుకుంది, ఎవరేమడిగినా నిలువుగా తల ఊపెయ్యడం. పద్దెనిమిదేళ్ళుగా అదే పద్ధతి. చేపల పులుసు కావాలా అంటే ఊపుతుంది. వద్దా అంటే దానికీ ఊపుతుంది.

నానమ్మ పోయాక ఇంట్లో ఆవిడతో రాసి మాట్లాడే దిక్కు లేదు. నాన్న చదివింది హిందీ మీడియం. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, రాయడం వచ్చీ రాదు. అమ్మ ఆదివారం చర్చిలో పాటల పుస్తకం పట్టుకుంటుంది గానీ పాడేదంతా నోటికి వచ్చినదే. ఓసారి పుస్తకం తలకిందులుగా పట్టుకుని నాలుగు చరణాలు పాడేసింది. నా తెలుగు చదువు అ ఆల దగ్గర ఆగిపోయింది. అన్నం, నీళ్ళు, చర్చి, జ్వరం, ఇలాంటివన్నీ సైగలతో నడిచిపోయేవి. అంతకు మించి ఆవిడతో మాట్లాడాలని మాకెవరికీ తోచలేదు. సిగ్గుచేటు, కానీ నిజం అదే.

ఇక నా పిచ్చి సంగతి. అరచేతిలో పట్టే పాతకాలం గేమ్ డబ్బాలుంటాయి కదా, నాలుగు బాణాల బొత్తాం, పక్కన రెండు గుండ్రటి బొత్తాలు. వాటి కోసం ఇప్పటికీ లోకంలో అక్కడక్కడా కొందరు ఒంటరిగా కూర్చుని కొత్త ఆటలు చేస్తుంటారు. కాల్చుకోవడాలు, గెంతడాలు కాదు, కథలు. ఊళ్ళో తిరగడం, మనుషుల్ని పలకరించడం, వాళ్ళడిగినదానికి ‘అవును’ అనో ‘కాదు’ అనో నొక్కడం. నువ్వు నొక్కినదాన్ని బట్టి కథ నడుస్తుంది. సముద్రం కింద కేబుల్ వెయ్యక ముందు మా దీవుల్లో నెట్ ఎంత ఘోరమంటే, ఒక పాట దిగేలోపు అన్నం ఉడికిపోయేది. ఈ ఆటలు పావు ఎంబీ, అర ఎంబీ. అందుకే నా చేతికి చిక్కాయి. కేబుల్ వచ్చాక కూడా ఆ పిచ్చి వదల్లేదు. డబ్బా కొందామంటే ఆన్‌లైన్‌లో ‘మీ పిన్‌కోడ్‌కి పంపలేం’ అని వచ్చేది. చివరికి వైజాగ్‌లో మా పిన్ని కొని, ఓడ ఎక్కుతున్న ఒకావిడ చేతికిచ్చి పంపింది.

అన్నిట్లోకీ నాకిష్టమైనది ఒక పడవ ఆట. ఎక్కడో మంచు దేశంలో ఒక స్కూల్ టీచర్ ఒక్కతే చేసింది. ఆనకట్ట కడుతున్నారు, నదిలో నీళ్ళు పెరుగుతున్నాయి, ఊరు మునిగిపోతుంది. పడవ నడిపే ఆమె ఆఖరిసారి అవతలి ఒడ్డుకి బయల్దేరాలి. ఊళ్ళో వాళ్ళు ఒక్కొక్కరే రేవుకి వచ్చి అడుగుతారు. నా బీరువా తీసుకెళ్తావా? నా మేకని ఎక్కించుకుంటావా? మా ముసలమ్మకి చోటిస్తావా? అన్నిటికీ అవును, కాదు. అంతే ఆట. నేను దాన్ని ఎన్నిసార్లు ఆడానో నాకే తెలియదు.

సాయంత్రం వరండాలో కూర్చుని ఆడుతుంటే అత్త నా భుజం మీద నుంచి చూసేది. ఒకరోజు తెర మీద మాటల డబ్బాని వేలితో తాకి, తన కళ్ళని తాకింది. ఇక్కడేం రాసుంది అని. చెప్పడానికి నా తాతలు దిగి రావాలి. ఊరు, నీళ్ళు, పైకి లేస్తున్నాయి అని చేతులు ఎత్తి చూపించాను. అత్త ముఖం పాలిపోయింది. గబగబా సముద్రం వైపు చూసింది. ‘కాదు కాదు, ఆట, ఆట’ అని డబ్బా ఊపి చూపించాను. తల ఊపింది. ఏం అర్థమైందో దేవుడికెరుక.

ఆ మే నెలలో అత్తని స్కూటర్ గుద్దింది. హారన్ వినపడదు కదా. కాలికి ఆరు కుట్లు పడ్డాయి. నాన్న హడలిపోయాడు. వారం తిరగకుండా ఎక్కడెక్కడో కనుక్కుని వచ్చి, భీమిలి దగ్గర చెవిటి ఆడవాళ్ళ కోసం చర్చి సంఘం వాళ్ళు నడిపే హాస్టల్ ఒకటుందన్నాడు. జూలై ఆఖర్లో వైజాగ్ ఓడ ఉంది, అందులో దింపేసి వస్తానన్నాడు.

“అక్కడ అందరూ అక్కలాంటోళ్ళేనంట. రాసుకుంటారు, చేతుల్తో మాటాడుకుంటారు. ఇక్కడ ఏటుంది అక్కకి? నేను బోటు మీద, మీ అమ్మ మిషన్ మీద, నువ్వు షాపులో. రేపు బస్సు కింద పడితే ఎవడు జిమ్మేదార్?”

“అత్తని అడిగావా?”

“అడిగినాను. పాస్టర్ గారి చేత కాయితం మీద రాయించి మరీ అడిగినాను. తల ఊపింది.”

“దేనికి ఊపదు చెప్పు! నిన్న కరెంటోడు మీటర్ చూడ్డానికొస్తే వాడికీ ఊపింది. అదేం జవాబు నాన్నా? మజాక్ ఏంటి?”

“అరవకే” అంది అమ్మ. “వదిన చూస్తోంది.”

నిజంగానే చూస్తోంది. మా నోళ్ళ వంక మార్చి మార్చి చూసి, చిన్నగా తల ఊపింది.

నాకు ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. అత్త వెళ్ళడం నాకు ఇష్టం లేదు. అది నా స్వార్థం, దాచుకోను. కానీ అసలు బాధ అది కాదు. ఆవిడకి ఏం ఇష్టమో ఒక్కరికీ తెలియకుండా ఓడ ఎక్కించేస్తున్నారు. నాన్న చెడ్డవాడు కాదు. అక్క అంటే ప్రాణం. కానీ ఆ తల ఊపుడుని జవాబనుకుంటున్నాడు. ఓడ కదిలేలోపు అత్త దగ్గర నుంచి ఒక్క నిజమైన జవాబు రాబట్టాలి. ఉంటానని గానీ, వెళ్తానని గానీ, ఏదైనా సరే. ఆ రెండు నెలలూ నాకు మరో ధ్యాస లేదు.

పడవ ఆట అప్పుడే బుర్రలోకి వచ్చింది. అత్త మనిషి ముఖం చూడగానే తల ఊపేస్తుంది. ఎదుటివాడి తొందర చూసి, విసుగు చూసి ఊపేస్తుంది. ఈ ఆటకి ముఖం లేదు. ఎంతసేపైనా కూర్చుంటుంది. అదే ఆట తెలుగులో ఉంటే? ఆ టీచర్‌కి నాకొచ్చిన ఇంగ్లీషులో ఈమెయిల్ రాశాను. రెండో రోజుకే ఆట ఫైళ్ళన్నీ పంపేసింది. మీ అత్త ఏ దారిన వెళ్ళిందో నాకు తప్పకుండా చెప్పాలి, అదొక్కటే షరతు అంది.

ఫైళ్ళు తెరిచాక తల ప్రాణం తోకకొచ్చింది. ఆ తెర అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, అంతే. ప్రతి అక్షరాన్నీ గళ్ళలో చుక్కలు నింపి బొమ్మలా గీసుకోవాలి. ఇంగ్లీషు అక్షరానికి ఎనిమిది గళ్ళ ఎత్తు చాలు. మనదానికి నెత్తి మీద గుడి, కింద ఒత్తు, పక్కన దీర్ఘం. ఫోన్లో ఇంగ్లీషులో కొడితే తెలుగు వస్తుంది కదా, ఆ అక్షరాలని కుదించి దింపాను. నలిగిన చీమల్లా తయారయ్యాయి. వారం రోజులు షాపు నుంచి రాగానే అదే పని. చివరికి ‘ఊరు మునిగిపోతోంది’ అన్న ఒక్క ముక్క గీసి, డబ్బాలో ఎక్కించి, అత్త చేతిలో పెట్టాను.

అత్త కళ్ళు చిట్లించింది. డబ్బాని అటు తిప్పింది, ఇటు తిప్పింది. తర్వాత “ఓలమ్మో!” అని ఒక్క అరుపు. ఆవిడకి మిగిలిన నాలుగైదు మాటల్లో అదొకటి, అదీ ఎంత గట్టిగా అంటే అమ్మ మిషన్ వదిలి పరిగెత్తుకొచ్చింది. చూస్తే అత్త పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

“నవ్వకత్తా! హఫ్తా రోజులు కూర్చున్నాను దీని మీద!” అని అరిచాను, వినపడదని తెలిసీ అరిచాను.

అత్త నా చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి లాక్కెళ్ళింది. అక్కడ ఫ్రేములో ఆవిడ కుట్టిన బైబిల్ వాక్యం ఉంది. గళ్ళు గళ్ళుగా ఉండే మ్యాటీ గుడ్డ మీద ఎర్ర దారంతో, చిన్న చిన్న ఇంటూ గుర్తుల కుట్టు. షాదీపూర్‌లో సగం తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో గోడ మీద ఉండేది అత్త కుట్టిన ఫ్రేమే. పెళ్ళికొకటి, కొత్తింటికొకటి. చిన్నప్పటి నుంచీ వాటిని పువ్వుల డిజైన్ చూసినట్టు చూశానే గానీ ఏనాడూ చదివిన పాపాన పోలేదు. అత్త నా వేలు పట్టుకుని అద్దం మీద ఆనించి ఒక్కో కుట్టూ లెక్కపెట్టించింది. గుడి పై నుంచి ఒత్తు కింది దాకా పన్నెండు గళ్ళు. ఏ అక్షరమైనా పన్నెండే. నేను వారం నుంచి కొట్టుకుంటున్న పనిని ఆవిడ నలభై ఏళ్ళుగా సూదితో చేస్తోంది. నోరెళ్ళబెట్టాను.

మర్నాడు లెక్కల గ్రాఫు పుస్తకాలు రెండు కొనుక్కొచ్చాను. అత్త కళ్ళజోడు తుడుచుకుని కూర్చుంది. ఏ చుక్క తీసేసినా అక్షరం బతుకుతుందో, ఏ చుక్క తీస్తే చచ్చిపోతుందో ఆవిడకి తెలుసు. నాలుగు రోజుల్లో గుణింతాలన్నీ గీసేసింది. ‘క్ష్మి’ అంతటిదాన్ని కూడా పన్నెండు గళ్ళలో కూర్చోబెట్టింది. నేను ఒక్కొక్కటీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఎక్కిస్తూ ఎక్కిస్తూ నాకూ కూడబలుక్కుని చదవడం వచ్చేసింది.

తర్వాత మాటలు. ఆటలో ఉన్న ఇంగ్లీషుని నేను ఫోన్లో తెలుగు చేసి చూపించేదాన్ని, అత్త దిద్దేది. మొదటి పేజీ చూసి నా వైపు వింతగా చూసింది. నేను రాసిన ‘జల్దీ’, ‘ఇంతజార్’, ‘బర్బాద్’ అన్నిటి చుట్టూ గీతలు గీసి, పక్కన రాసింది. ఇది ఏ భాష?

మన భాషే అత్తా, ఇంట్లో అందరం ఇలాగే మాట్లాడతాం అని ఫోన్లో రాసి చూపించాను.

ఎప్పటి నుంచి, అని రాసింది.

నవ్వలేక చచ్చాను. ఇన్నాళ్ళూ మేమంతా వారపత్రికల్లో మనుషుల్లా మాట్లాడుకుంటున్నామని అనుకుందట ఆవిడ. నానమ్మ కూడా ‘చలో చలో’ అనేదని రాస్తే నమ్మలేదు. నాన్నని పిలిచి అడిగించింది. నాన్న ఒప్పుకున్నాక చాలాసేపు కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. తర్వాత తనలో తనే నవ్వుకుంది.

అలా గ్రాఫు పుస్తకం నిండుతూ వచ్చింది. ఆటకి కావలసినవి ఒకవైపు, మా ఇద్దరి కబుర్లు ఒకవైపు. నువ్వు షాపులో ఏం పని చేస్తావు? జిరాక్స్ అంటే ఏమిటి? మీ అమ్మ రోజూ పొద్దున్నే ఎవరి మీద అరుస్తుంది? నీ మీద కాదత్తా, నీళ్ళ ట్యాంకర్ వాడి మీద. జూన్ దాటేసరికి ఫోన్ పక్కన పెట్టి నా చేత్తోనే రాస్తున్నాను. అక్షరాలు తప్పులతడకలే, కానీ రాస్తున్నాను. ఇరవై నాలుగేళ్ళు ఒక ఇంట్లో ఉండి ఆ నెలలోనే మా అత్త ఎవరో నాకు తెలిసింది. ఆవిడకి హాస్యం ఎక్కువ. కోపం నాకంటే ఎక్కువ. కాకపోతే చూపించడానికి చోటు లేదు, అంతే.

ధైర్యం చేసి ఒకరోజు పుస్తకంలోనే అడిగేశాను. భీమిలి వెళ్ళడం నీకు ఇష్టమేనా?

పెన్సిల్ తీసుకుంది. రెండే మాటలు రాసింది. మీ ఇష్టం.

పుస్తకం విసిరికొట్టాను. అరగంట తర్వాత నేనే ఏరుకొచ్చాను.

జూలై మొదటి వారానికి ఆట తయారైంది. ‘రేవు’ అని పేరు పెట్టాం. అత్త వరండాలో కూర్చుని డబ్బా చేతిలోకి తీసుకుంది. పడవ ఆమెని ఇటూ అటూ నడిపించడం నేర్చుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది, రెండుసార్లు నదిలో పడేసింది. మూడో రోజుకి బొత్తాలు వేళ్ళకి అలవాటయ్యాయి. మొదటి మనిషి రేవుకి వచ్చాడు. ‘నా బీరువా తీసుకెళ్తావా?’ అవును. ‘నా బస్తాలు?’ అవును. ‘నా మేక?’ అవును. అన్నిటికీ అవును. ఆఖర్న పడవ నిండిపోయింది. పడవ ఆమెకే చోటు లేదు. పడవ కదిలిపోయింది, ఆమె ఒడ్డునే ఉండిపోయింది. నీళ్ళు కాళ్ళ దాకా వచ్చాయి. ఆట అయిపోయింది.

అత్త తల ఊపి మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అన్నీ అవును. మళ్ళీ ఒడ్డు మీదే. పదకొండుసార్లు ఆడింది, పదకొండుసార్లూ అదే. పక్కన కూర్చుని నేను నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాను. కింద ఇంకోటి ఉంది కదా, అది నొక్కి చూడు అని పుస్తకంలో రాశాను. అత్త జవాబు రాసింది. పాపం, అడుగుతున్నారు కదా.

“పాపమేంటి! ఆవిడ డూబ్‌ పోతోంది, కనపడటం లేదా?” అని లేచి వెళ్ళిపోయాను. ఓడకి ఇంకా పంతొమ్మిది రోజులు. ఈ ఆట కూడా దండగైంది అనుకున్నాను.

మేక దగ్గర వీడింది ఆ ముడి. అత్తకి మేకలంటే పడదు. పక్కింటి వాళ్ళ మేక ఒకటి ఆవిడ ఆరేసుకున్న మ్యాటీ గుడ్డని, సగం కుట్టిన వాక్యంతో సహా నమిలేసింది. పన్నెండోసారి ఆడుతుండగా మేకవాడు రాగానే అత్త ఆగింది. ముక్కు చిట్లించింది. నేను అమ్మతో కలిసి బియ్యం ఏరుతున్నాను, కంటి చివర నుంచి చూస్తున్నాను. అత్త వేలు కింది బాణం నొక్కింది. తెర మీద గుర్తు కిందికి జరిగింది. ‘కాదు’ మీద ఆగింది. గుండ్రటి బొత్తాం నొక్కింది.

మేకవాడు ‘సరేలే, వేరేవాళ్ళని అడుగుతాను’ అని వెళ్ళిపోయాడు. అంతే. తిట్టలేదు, మళ్ళీ అడగలేదు.

అత్త తెర వంక అలాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాత నన్ను పిలిచి, వెళ్ళిపోతున్న మేకవాడిని వేలితో చూపించింది. ఏమీ అనలేదే వాడు, అన్నట్టు కళ్ళు పెద్దవి చేసింది.

ఆ మర్నాడు ఆవిడని పట్టలేకపోయాం. పొద్దున్నే కూర్చుని రేవుకి వచ్చిన ప్రతివాడికీ ‘కాదు’ నొక్కింది. నొక్కినప్పుడల్లా “ఓలమ్మో” అని ఒక నవ్వు. ముసలమ్మకి కూడా ‘కాదు’. పడవ ఆమె ఖాళీ పడవలో ఒక్కతే అవతలి ఒడ్డుకి చేరింది. అక్కడ ఎవరూ లేరు. అత్తకి అదీ నచ్చలేదు, పెదవి విరిచింది. ఆ తర్వాత నుంచి ఆలోచించి ఆడటం మొదలుపెట్టింది. బీరువా వద్దు, ముసలమ్మ రావాలి. బస్తాలు వద్దు, పుస్తకాల పెట్టె రావాలి. మేక మాత్రం ఎప్పుడూ వద్దే. ఒక్కో జవాబుకీ ఎంతసేపో. నేను పక్కన కూర్చుని, ఎంతసేపైతే అంత మంచిది అనుకునేదాన్ని.

ఇంట్లో కూడా తేడా తెలిసింది. ఒకరోజు అమ్మ రెండోసారి చేపల పులుసు వడ్డించబోతే అత్త పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టింది. అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. “వదినకి ఒంట్లో బాగోలేదేటే?” అని నన్ను అడిగింది.

ఓడకి పది రోజులుందనగా, ఆదివారం చర్చి నుంచి వచ్చాక, నాన్నని వరండాలో కూర్చోబెట్టాను.

“టికెట్ రేపు తీస్తాను, ఇప్పుడేటి మళ్ళీ?” అన్నాడు.

“రేపు తీద్దువు గాని. ఈ రోజు ఒక్క సవాల్ అడగనీ.”

“ఆటలోనా అడుగుతావు? మీ అత్తేం చిన్నపిల్లేటి?”

“పాస్టర్ గారి కాయితం కన్నా ఇది నయం. చుప్ కూర్చో నాన్నా.”

ఆట చివర నేనొక కొత్త గది చేర్చాను. పడవ ఆమె ఇల్లు. గుమ్మంలో ఆమె తమ్ముడు నిలబడి ఉంటాడు. అత్త ఆడుకుంటూ అక్కడి దాకా వచ్చి, ఇది ముందు లేదే అన్నట్టు నన్ను చూసింది. తర్వాత తమ్ముడి దగ్గరికి వెళ్ళి బొత్తాం నొక్కింది. మాటల డబ్బా తెరుచుకుంది. ‘అక్కా, భీమిలి హాస్టల్‌కి వెళ్తావా?’ కింద రెండు వరుసలు. అవును. కాదు.

అత్త చదివింది. మళ్ళీ చదివింది. తల ఎత్తి మా వైపు చూడలేదు. నేనూ నాన్నా అమ్మా ముగ్గురం ఆవిడ బొటనవేలినే చూస్తున్నాం. తెర మీద గుర్తు ‘అవును’ మీదికి వెళ్ళింది. ‘కాదు’ మీదికి దిగింది. నాన్న కదిలాడు. మళ్ళీ పైకి, మళ్ళీ కిందికి. అలా ఎంతసేపో. తర్వాత డబ్బాని ఒళ్ళో పెట్టేసి, గ్రాఫు పుస్తకం లాక్కుంది. పెన్సిల్ నాలుకతో తడి చేసుకుని ఒక్కో చుక్కా నింపసాగింది. ‘అవును’ రాసింది. కింద ‘కాదు’ రాసింది. దాని కింద మూడో వరుస గీసి, పుస్తకం నా ముఖం ముందు పెట్టింది.

చూసి వచ్చి చెబుతాను.

“రెండే పెట్టాను అత్తా” అని వేళ్ళు చూపించాను. అత్త మూడు వేళ్ళు చూపించింది. లాప్‌టాప్ వైపు చూపించింది. చేతులు కట్టుకుని కూర్చుంది. నొక్కదట. అది అందులో ఎక్కిస్తేనే నొక్కుతుందట.

గంట పట్టింది. మధ్యలో అమ్మ టీ పెట్టి ఇచ్చింది. నాన్న వరండాలో అటూ ఇటూ తిరిగాడు. పని చేస్తున్నానే గానీ నా లోపల ఒకటే గోల. అక్కడికెళ్ళాక నచ్చేస్తే? అక్కడందరూ రాసేవాళ్ళే, మాట్లాడేవాళ్ళే. నా తప్పులతడక తెలుగు ఎవరికి కావాలి? అలా భయపడుతూనే, మూడో వరుసలో ఆవిడ చుక్కలు ఒక్కొక్కటీ ఎక్కిస్తూ, ఇంత సంతోషం నా బతుకులో ఎప్పుడూ లేదని కూడా అనుకున్నాను. మేం రెండు దారులు చూపించి ఏదో ఒకటి ఎంచుకోమన్నాం. ఆవిడ మూడోది గీసుకుంది.

డబ్బా మళ్ళీ చేతిలో పెట్టాను. అత్త గబగబా ఆడుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. తమ్ముడు అడిగాడు. గుర్తు ఒకటి, రెండు, మూడు దిగింది. టక్కున నొక్కేసింది.

నాన్న కుర్చీలో కూలబడ్డాడు. “అంటే రెండు వైపులా టికెట్ అన్నమాట” అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. “ఇన్నాళ్ళూ అక్క తల ఊపితే సరే అనుకున్నాను కదే నాన్సీ. ఒక్కసారైనా ఆగి చూడలేదు నేను.”

అత్తకి ఆ మాటలు వినపడలేదు. ఆవిడ అప్పటికే పుస్తకంలో కొత్త పేజీ తిప్పి మళ్ళీ చుక్కలు నింపుతోంది. నింపి, ఈసారి నాకు కాదు, తీసుకెళ్ళి తమ్ముడి ఒళ్ళో పెట్టింది. నాన్న జేబులో కళ్ళజోడు వెతుక్కున్నాడు. పుస్తకం దూరంగా పట్టుకుని, వేలు పెట్టుకుని, ఒకటో తరగతి పిల్లాడిలా ఒక్కో అక్షరం పైకి చదివాడు.

“ను…వ్వు… కూ…డా… ఉం…టా…వా. అక్కడ… నా…తో… వా…రం… రో…జు…లు.”

కింద రెండు వరుసలు. అవును. కాదు.

నాన్న తల గోక్కున్నాడు. బోటు డ్యూటీ, మళ్ళీ సెలవు, పై ఆఫీసర్, ఏదేదో గొణిగాడు. పెన్సిల్ తీసుకుని, వంకర అక్షరాలతో తనూ కింద మూడో వరుస మొదలుపెట్టాడు. సెలవు దొరికితే, అని. తెలుగులో నాన్న రాయడం నేను చూడటం అదే మొదటిసారి.

అత్త పూర్తిగా రాయనివ్వలేదు. పెన్సిల్ లాక్కుని ఆ వరుస మీద అడ్డంగా గీత కొట్టేసింది. ‘అవును’ మీద ఒకసారి, ‘కాదు’ మీద ఒకసారి వేలితో టకటకా కొట్టి, పెన్సిల్ మళ్ళీ ఆయన చేతిలో పెట్టింది.

“ఇదేటమ్మా! అక్కకి మూడు, నాకు రెండేనా?” అన్నాడు నాన్న మా వైపు తిరిగి.

“అక్కనే అడుగు, రాసి అడుగు” అంది అమ్మ.

నాన్న అడగలేదు. కాసేపు అత్త ముఖం వంక చూశాడు. ఆవిడ తల అటూ ఊపలేదు, ఇటూ ఊపలేదు, చూస్తూ నిలబడింది. నాన్న పుస్తకం మీదికి వంగి ‘అవును’ చుట్టూ సున్నా చుట్టాడు. అప్పుడు గానీ అత్త పెన్సిల్ వెనక్కి తీసుకోలేదు.